గేజ్ తీసే ముందు బండి ఎక్కడుందో చూడు

నాన్నా,

నువ్వు పంపిన ఆయిల్ గేజ్ ఫోటోలు రెండూ చూశాను, అదే, ఇంజన్ ఆయిల్ ఎంతుందో కొలిచే ఆ పుల్లవి. శనివారం సాయంత్రం తీసినదాంట్లో ఆయిల్ కింది గీతకి కాస్త పైన ఉంది, ఆదివారం పొద్దున తీసినదాంట్లో పై గీత దాకా వచ్చింది. రాత్రికి రాత్రి ఆయిల్ ఎలా పెరిగిందమ్మా, ఇంజన్‌లో ఏమైనా పోయిందా అని టెన్షన్ పడుతూ మెసేజ్ పెట్టావు. ఏమీ పోలేదు, ఆయిల్ పెరగనూ లేదు. శనివారం బండి మీ గేటు ముందు ర్యాంపు మీద ముక్కు పైకెత్తుకుని ఉంది, పైగా ఆఫీసు నుంచి వచ్చి ఆపీ ఆపగానే బానెట్ ఎత్తావు. ఆదివారం సెల్లార్‌లో ఉంది, రాత్రంతా కదలకుండా ఉంది. ఆయిల్ అదే, కొలిచిన తీరు వేరు. నయం, శనివారమే కంగారుపడి కొత్త డబ్బా విప్పి పోసెయ్యలేదు.

ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు కాబట్టి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, తీరిక ఉన్నప్పుడు చదువుకో.

ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆయిల్ మొత్తం కింద ఛాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఉండే తొట్టిలో ఉండదురా. పంపు దాన్ని లాగి ఫిల్టర్‌లోంచి పంపి కింద తిరిగే ఇరుసు, అంటే క్రాంకు, దాని బేరింగులకి, పైన హెడ్‌లో వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌కి తోస్తూనే ఉంటుంది, నువ్వు తాళం తిప్పి ఆపగానే అదంతా ఒక్కసారిగా కిందకి దిగిపోదు, గోడల వెంట మెల్లగా కారుతూ వస్తుంది. అది దిగేలోపే గేజ్ తీస్తే తక్కువ చూపిస్తుంది. అందుకే వేడి ఇంజన్ ఆపాక అయిదు నుంచి పది నిమిషాలు ఆగాలి. నీ బండికి సరిగ్గా ఎంతసేపో గ్లవ్ బాక్స్‌లో ఉన్న మాన్యువల్‌లో ఉంటుంది, సెకండ్ హ్యాండ్ బండితో పాటు ఆ పుస్తకం కూడా ఇచ్చారు కదా, దానికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదని నాకు తెలుసు. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూసినా ఫర్వాలేదు, కాకపోతే వేడెక్కిన ఆయిల్ కొద్దిగా వ్యాకోచిస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఒక వెంట్రుకవాసి తక్కువ కనిపించొచ్చు. నువ్వు ఏదో ఒక పద్ధతి పెట్టుకుని ప్రతిసారీ అలాగే చూడు, అప్పుడే పోయిన నెలకీ ఈ నెలకీ తేడా తెలుస్తుంది.

అసలు మన విశాఖలో కష్టం సమంగా ఉన్న నేల దొరకడం. సీతమ్మధారలో మన వీధి సంగతి నీకు తెలుసు, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రం కింద రాయి పెట్టందే మీ నాన్నగారికి నిద్ర పట్టదు. మధురవాడలో మీ వైపు కొండవాలు చదును చేసి వేసిన లేఅవుట్లు, కంటికి సమంగా కనిపిస్తాయి గానీ ఉండవు. బండి ముక్కు పైకి ఉంటే ఛాంబర్‌లో ఆయిల్ వెనక్కి పోతుంది, కిందికి ఉంటే ముందుకి వస్తుంది, పక్కకి ఒరిగి ఉంటే పక్కకి. గేజ్ దిగే గొట్టం ఛాంబర్‌కి ఏ వైపున ఉందో దాన్ని బట్టి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. నీ బండికి గొట్టం ముందు వైపు ఉంది, ర్యాంపు మీద ముక్కు పైకి ఉంది, ఇంకేముంది, తక్కువ చూపించింది. నేల సమంగా ఉందో లేదో అనుమానం ఉంటే మగ్గుతో నీళ్ళు పోసి చూడు, ఎటు పారితే అటు వాలు. మీ సెల్లార్‌లో కూడా లిఫ్ట్ పక్కన చిన్న వాలు ఉంది, కాలవ వైపుకి, స్తంభాల మధ్య చోటు మేలు. ఎక్కడా సమంగా దొరక్కపోతే ఒకసారి చూసి, బండి ముక్కు ఎదురు దిక్కుకి తిప్పి పెట్టి మళ్ళీ కాసేపు ఆగి చూడు, రెండింటి మధ్యలో ఉంటుంది అసలు లెక్క. ఇది మీ మావయ్య ఆటోనగర్‌లో తన మెకానిక్ షెడ్డులో చెప్పిన ఉపాయం, ఆ షెడ్డు ముందు నేల కూడా సమంగా ఏడవదు మరి.

మొదటిసారి గేజ్ లాగినప్పుడు కనిపించేదాన్ని పట్టించుకోకు. బండి నడుస్తున్నప్పుడు చిందిన ఆయిల్ గొట్టం లోపల అంటుకుని ఉంటుంది, అది పుల్లకి పూసుకుని వస్తుంది. శుభ్రంగా తుడువు. కాటన్ వేస్ట్‌తో వద్దు, దాని నూలుపోగులు పుల్లకి అంటుకుని లోపలికి పోతాయి. పాత బనీను గుడ్డ మంచిది, మీ నాన్నగారివి ఇంట్లో బోలెడు ఉన్నాయి, ఈసారి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. తుడిచాక పూర్తిగా, ఆ పసుపు రింగు గొట్టం అంచుకి ఆనేదాకా దింపు. ఒక క్షణం ఆగి లాగు. ఇప్పుడు రెండు పక్కలా చూడు. ఒక పక్క పైదాకా చారలా కనిపించి, రెండో పక్క తక్కువగా, స్పష్టంగా కనిపిస్తే తక్కువదే సరైనది, ఆ చార గొట్టానికి రాసుకున్నది. ఆయిల్ కొత్తగా మార్చినప్పుడు నీళ్ళలా పారదర్శకంగా ఉండి అసలు కనపడదు, వెనక తెల్ల కాగితం పెట్టి వెలుతురుకి వాల్చి చూస్తే తెలుస్తుంది. నాకైతే కళ్ళజోడు కూడా కావాలి.

రెండు గీతల మధ్య ఎక్కడున్నా బండికి ఇబ్బంది లేదు. సగానికి పైనుంటే నాకు హాయి, పై గీతకి తాకాలని పట్టుబట్టక్కర్లేదు. నీ బండిలాంటి చిన్న పెట్రోల్ బళ్ళలో కింది గీత నుంచి పై గీతకి సుమారు ఒక లీటరు, కొన్నిట్లో ఇంకా తక్కువే. మొత్తం ఇంజన్‌కి పట్టేదే మూడు నాలుగు లీటర్లు. అంటే శనివారం ఆ ఫోటో చూసి లీటరు డబ్బా మొత్తం వంపేసి ఉంటే పై గీత దాటి చాలా పైకి పోయేది.

ఎక్కువైతే ఏమవుతుంది, ఆయిలే కదా, మంచిదే కదా అంటారు చాలామంది. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయిల్ మరీ పైకి వస్తే తిరిగే క్రాంకు దానికి తగిలి కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది. నురగ వస్తుంది, అంటే ఆయిల్‌లో గాలి చేరుతుంది, పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా తోస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, బేరింగుల మధ్య ఉండాల్సిన పొర పలచబడుతుంది. అంటే ఆయిల్ తక్కువైనప్పుడు ఏ నష్టమో ఎక్కువైనప్పుడూ దాదాపు అదే నష్టం. దానికి తోడు సీళ్ళ దగ్గర కారడం, బ్రీతర్ గొట్టం గుండా ఆయిల్ ఇంజన్ గాలి పీల్చే దారిలోకి పోయి కాలడం, పొగ, ఆ పొగ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేయడం. ఒకసారి మన పాత బండిని ఒక చోట సర్వీసుకిచ్చి తెచ్చిన రోజే చూస్తే పై గీత మీద బోలెడంత ఉంది. అడిగితే మేడం కొంచెం ఎక్స్‌ట్రా పోశాం అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు! గొట్టంలోంచి సిరంజితో లాగించి పంపించారు, కూర్చోబెట్టి టీ కూడా ఇచ్చారనుకో. అందుకని సర్వీసు నుంచి తెచ్చాక నువ్వే ఒకసారి చూసుకో, కాకపోతే ఇంజన్ ఆపి, కాసేపు ఆగి చూడాలి.

పోయాల్సి వస్తే గరాటు పెట్టి పైన మూతలోంచి పావు లీటరు పొయ్యి, గేజ్ గొట్టంలోంచి కాదు. కొన్ని నిమిషాలు దిగనిచ్చి చూసి, ఇంకా కావాలంటే మళ్ళీ కొంచెం. ఏ గ్రేడు, అంటే ఎంత చిక్కదనం, అన్నది మాన్యువల్‌లో ఉన్నదే, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే, 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే. విశాఖ ఎండలకి చిక్కటి ఆయిల్ వెయ్యండి సార్ అనే మెకానిక్ ఎక్కడైనా దొరుకుతాడు, వినకు. ఈ రోజుల్లో ఇంజన్లలో బేరింగుల మధ్య సందులు ఆ పలచటి ఆయిల్‌కి లెక్కగట్టే పెడతారు. డబ్బా వెనక ఏపీఐ అనే నాణ్యత ప్రమాణం పక్కన ఎస్‌ఎన్, ఎస్‌పీ లాంటి అక్షరాలుంటాయి, పుస్తకంలో చెప్పినదానికి తగ్గకుండా చూసుకో. దారి మధ్యలో అదే కంపెనీది దొరక్కపోతే అదే గ్రేడు వేరే కంపెనీది కలిపినా కొంప మునగదు.

ఇంకో సంగతి, చాలామంది డాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలగలేదు కదా, ఆయిల్ ఉన్నట్టే అనుకుంటారు. ఆ నూనె డబ్బా బొమ్మ దీపం ఆయిల్ ఎంతుందో చెప్పేది కాదు, ప్రెషర్ పడిపోయిందని చెప్పేది. అది వెలిగేసరికి చాలావరకు ఆలస్యం అయిపోయి ఉంటుంది. ఆయిల్ తక్కువున్న బండి మధురవాడ నుంచి ఎన్ఏడీ జంక్షన్ దాకా హైవే మీద ఏ తేడా లేకుండా పోతుంది, అదే సింహాచలం ఘాటు మలుపులోనో, అనంతగిరి దాటి అరకు ఎక్కేటప్పుడో ఆయిల్ ఒక పక్కకి ఒరిగి, పంపు ఆయిల్ లాగే జల్లెడ గాలి లాగుతుంది, దీపం మిణుకుమంటుంది. అలా ఒక్కసారి మిణుకుమన్నా పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యి. ఇంకో రెండు కిలోమీటర్లేగా, పైకెళ్ళి చూద్దాం అనొద్దు. డిసెంబర్‌లో అరకు వెళ్దామంటున్నారుగా మీరిద్దరూ, బయల్దేరే ముందురోజు రాత్రి చూసి పెట్టుకో, పొద్దున్న హడావుడిలో కాదు.

రంగు గురించి మరీ భయపడకు. నల్లబడటం సహజం, మీ మావయ్య డీజిల్ బండిలో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లగా అయిపోతుంది. భయపడాల్సింది పాలు కలిసినట్టు తెల్లగా వస్తే. అది నీళ్ళు కలిశాయని గుర్తు, ఇంజన్ హెడ్ కింద ఉండే గాస్కెట్ పోయి కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు, దిగి ఉండొచ్చు. అయితే నువ్వు మధురవాడ నుంచి రుషికొండకి రోజూ ఆ కాస్త దూరమే తిరుగుతావు, ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తావు, అలాంటి బళ్ళలో మూత కింద మాత్రం కొంచెం తెల్ల నురగ కడుతుంది, గాలిలో తేమ అది. గేజ్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్ తగ్గకుండా ఉంటే సెలవు రోజున భీమిలి దాకా ఒకసారి తిప్పుకురా, పోతుంది. వర్షాకాలంలో జ్ఞానాపురం వైపు బ్రిడ్జి కింద నీళ్ళలో బండి ఆగిపోతే మాత్రం స్టార్ట్ చేయొద్దు, తోయించి బయటికి తెచ్చి షెడ్డుకి ఫోన్ చెయ్యి.

ఆదివారం నువ్వు అడిగిన ప్రశ్న అంత తెలివితక్కువదేం కాదులే, ఆయిల్ నిజంగా పెరిగే సందర్భం కూడా ఉంది. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్6 కాలుష్య నిబంధనలతో వచ్చిన డీజిల్ కార్లలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఊళ్ళోనే చిన్న చిన్న దూరాలు తిరుగుతూ ఆ పని మధ్యలో ఆగిపోతుంటే ఆ డీజిల్ కొంత జారి ఛాంబర్‌లో చేరుతుంది. నీది పెట్రోల్ కాబట్టి ఆ గొడవ లేదు, మీ ఆఫీసులో డీజిల్ బండి ఉన్నవాళ్ళు ఎవరైనా అడిగితే చెప్పు.

నీది సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మొదటి రెండు నెలలు వారానికోసారి చూడు. ఫోన్‌లో కిలోమీటర్లు రాసి పక్కన ఎంతవరకు ఉందో రాసుకో, అది ఎంత తాగుతోందో తెలుస్తుంది. కొంచెం తాగడం మామూలే. నెలనెలా పోయాల్సి వస్తూ వెనక నీలం పొగ కనిపిస్తే మావయ్యకి చూపించు, పిస్టన్ రింగులో, వాల్వు సీళ్ళో అరిగి ఉండొచ్చు. తర్వాత నెలకోసారి చాలు.

కోడలి యాక్టివాది పూర్తిగా వేరే పద్ధతి. సైడ్ స్టాండ్ మీద కాదు, సెంటర్ స్టాండ్ వేయాలి. మూతకే గేజ్ ఉంటుంది, తుడిచి పెట్టి ఊరికే ఆనించాలి, మరలు తిప్పి బిగించకూడదు, బిగిస్తే లోపలికి దిగి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దానికి పట్టేదే లీటరు లోపు, కాస్త తగ్గినా ఇంజన్‌కి బాధే, కాబట్టి నీ కారు చూసిన రోజే అదీ చూడు. దానికి కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయకు.

ఆయిల్ మార్చినప్పుడు పాతది డబ్బాలో పట్టి మావయ్య షెడ్డులో డ్రమ్ములో పొయ్యి, రీసైక్లింగ్ వాళ్ళు పట్టుకెళ్తారు. మీ వెనక గెడ్డలో, ఆ వాగులో పోశావంటే ఊరుకోను, అది తిన్నగా సముద్రంలోకే పోతుంది. వెళ్ళినప్పుడు మావయ్యకి మామిడికాయ పచ్చడి సీసా ఇవ్వాలి, ఈ వారం ఇటు వచ్చి తీసుకెళ్ళు.

అమ్మ