ఓస్లాలో ఇంకో రాత్రి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, హిమాలయాల ట్రెక్కింగ్ ప్రకటనలు ఫోన్లలో వచ్చిపడతాయి. ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు ఒకరు ఏడు రోజులంటారు, ఒకరు అయిదంటారు, మరొకరు శని ఆదివారాలు కలుపుకుంటే నాలుగు రోజుల్లో తిప్పి తెస్తామంటారు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు మొదట అడిగేది మనిషికి ఎంత అని. ఏ రాత్రి ఏ ఊళ్లో, ఎంత ఎత్తులో పడుకోబెడతారని అడిగేవాళ్లు చాలా తక్కువ. అడగాల్సింది అదే గనక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు దారి సంగతి. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ, నైట్‌వాడ్ మీదుగా సాంక్రీ చేరడానికి జీపులో పగలంతా పడుతుంది. సాంక్రీ సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు మీద తాలుకా. నడక మొదలయ్యేది అక్కడే. సూపిన్ నదిని పట్టుకుని అక్రోటు చెట్లు, దేవదారు అడవుల మధ్యగా గంగాడ్ ఊరు దాటి సీమ అనే ఊరు చేరతారు. సీమ నదికి ఇవతల, వంతెన దాటి పైకెక్కితే ఓస్లా. ఓస్లా ఎత్తు సుమారు 2,600 మీటర్లు. ఆ పైన పెద్ద ఊళ్లేవీ లేవు. స్వర్గారోహిణి శిఖరాల కింద ఉన్న హర్ కీ దూన్ 3,566 మీటర్లు. ఇదంతా 1955లో అభయారణ్యంగా ప్రకటించిన గోవింద్ పశు విహార్ పరిధిలోకి వస్తుంది, నైట్‌వాడ్‌లో అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర పేర్లు రాయించి రుసుము కట్టాలి.

ఇప్పుడు లెక్క చూడండి. తక్కువ రోజుల ప్యాకేజీలో ఓస్లాలో ఒక్క రాత్రి పడుకుని మర్నాడే పైకెక్కి, హర్ కీ దూన్‌లో గుడారం వేస్తారు. అంటే రాత్రికి రాత్రి పడక దాదాపు వెయ్యి మీటర్లు పైకి జరుగుతుంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనేది పర్వత వైద్యులు చెప్పే నియమం. పగలు ఎంత ఎత్తుకెక్కామన్నది అంత ముఖ్యం కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, ఒంట్లో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో ఏ కొండా 1,700 మీటర్లు దాటదు. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో వెళ్లిన శరీరానికి 3,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. వయసుకీ, కండబలానికీ దీనితో సంబంధం లేదు. రోజూ జిమ్‌కెళ్లే కుర్రాడే ముందు పడిపోవచ్చు, ఎందుకంటే వేగంగా ఎక్కేసేది అతనే.

ఎత్తు పడకపోతే మొదట వచ్చేది తలనొప్పి. దానికి తోడు ఆకలి చచ్చిపోవడం, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం. ఇవి కనిపిస్తే ఇంకో అడుగు పైకి వేయకూడదు. అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగాలి. అసలు ప్రమాదానికి గుర్తులు వేరే ఉన్నాయి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, పొడిదగ్గు కాస్తా నురగ కఫంగా మారడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందనడానికి గుర్తులు. మాట తడబడటం, తూలడం మెదడు వాపుకి గుర్తులు. అనుమానం వస్తే నేలమీద గీత గీసి, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. గీత మీద నిలవలేకపోతే తెల్లారేదాకా చూద్దామనకూడదు. చీకట్లోనైనా సరే, తోడు మనిషితో కిందికి పంపాలి. ఒంటరిగా పంపకూడదు, గుడారంలో ఒంటరిగా వదలనూ కూడదు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ అంకె బాగుందని మనిషి తూలడాన్ని పట్టించుకోకపోవడం పెద్ద పొరపాటు.

డయామాక్స్ మాత్ర గురించి కూడా చెప్పాలి. ఊపిరి వేగం పెంచి శరీరం త్వరగా అలవాటుపడేలా చేస్తుంది, అంతే. వేళ్లు జివ్వుమంటాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. మాత్ర వేసుకున్నాం కదా అని ఒక రాత్రి తగ్గించుకోవడం కుదరదు. ఇక, కొందరు నిర్వాహకులు ఆక్సిజన్ ఉందని చూపించే స్ప్రే డబ్బాల సంగతి. పది లీటర్ల డబ్బా నిమిషానికి రెండు లీటర్ల చొప్పున ఇస్తే అయిదు నిమిషాల్లో ఖాళీ. మనిషిని కిందికి దించడానికి గంటలు పడుతుంది. రెగ్యులేటర్, మాస్కు ఉన్న అసలు సిలిండర్ ఉందా, ఏ క్యాంపు దాకా మోస్తారు అని అడగండి.

సరైన పథకం ఏమంత కష్టం కాదు. ఓస్లాలో రెండు రాత్రులు ఉండాలి. మధ్యరోజు పడుకోకుండా ఊరి పైనున్న అడవిలోకి మూడు నాలుగు వందల మీటర్లు ఎక్కి, మధ్యాహ్నానికి దిగి రావాలి. మూడో రోజు ఓస్లాకీ హర్ కీ దూన్‌కీ మధ్య గుడారాలేసే కల్కతియాధార్ చేరాలి, అది సుమారు 3,000 మీటర్లు. నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరి హర్ కీ దూన్ చూసుకుని మళ్లీ కల్కతియాధార్‌కే వచ్చి పడుకోవాలి. ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలన్న మాట ముందురోజు రాత్రే అందరితో అనిపించుకోవాలి. మధ్యాహ్నం దాటితే మబ్బు దిగుతుంది. మంచు కరిగిన నీరు చేరి, పొద్దున మోకాలి కింద ఉన్న వాగు సాయంత్రానికి తొడదాకా వస్తుంది. వాగు దాటేటప్పుడు సంచీ నడుం పట్టీ విప్పి ఉంచాలి. కాలు జారితే సంచీని వదిలేయగలిగితేనే మనిషి బతుకుతాడు.

ఓస్లాలో ఆ రెండో రాత్రి ఊరికీ మేలే. అక్కడి ఇళ్లు రాతి వరస, దేవదారు దూలం వరస ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టినవి. కింద పశువులు, పైన మనుషులు. ఊళ్లోనే ఇల్లు అద్దెకు తీసుకుని వాళ్లు వండిన రాజ్మా, మండువా రొట్టె తింటే ఆ డబ్బు అక్కడే ఉంటుంది. మండువా అంటే మన రాగులే, రాయలసీమ వాళ్లకు కొత్త కాదు. ఊరి బయట గుడారాలేసి, డెహ్రాడూన్ నుంచి మోయించుకొచ్చిన సరుకులు వండుకుని పోతే ఊరికి మిగిలేది చెత్తే. కొన్ని మర్యాదలు మాత్రం తప్పనిసరి. అడగకుండా గుడి అరుగు ఎక్కకూడదు, గోడల్ని తాకకూడదు. పిల్లలకు చాక్లెట్లు పంచకూడదు, పంచితే వచ్చిన ప్రతివాడి ముందూ చెయ్యి చాపడం నేర్పినవాళ్లమవుతాం. ఇళ్ల దగ్గర సిగరెట్టు, చలిమంట అసలు వద్దు. కట్టె ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒక్క నిప్పురవ్వకు వరసంతా పోతుంది. మోరీ ప్రాంతంలో అలా తగలబడిన ఊళ్లున్నాయి.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల్లో, రాత్రి గుడారాలేయడాన్ని నిషేధించింది. పచ్చిక మీదే పడుకోబెడతామని ఎవరైనా ఫొటోలు చూపిస్తే అటవీశాఖ అనుమతి కాగితం కూడా చూపించమనండి.

సన్నద్ధత విషయంలో మనవాళ్లకు ఒక సదుపాయం ఉంది. అలిపిరి మెట్లు 3,550, దారి తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎక్కేది సుమారు 700 మీటర్లు. ఆరు కిలోల సంచీతో మధ్యమధ్య కూర్చోకుండా, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంతో ఎక్కి, బస్సెక్కకుండా మెట్ల మీదే దిగి, మర్నాడు మామూలుగా నడవగలిగితే కాళ్లు సిద్ధమైనట్టే. చాలామంది ఎక్కడం ఒక్కటే సాధన చేస్తారు. మోకాళ్లు దెబ్బతినేది, కాలి బొటనవేలి గోరు నల్లబడేది దిగేటప్పుడు. గోళ్లు వారం ముందే అడ్డంగా, కురచగా కత్తిరించుకోవాలి.

బూట్లు ఇంకో కథ. బీరువాలో నాలుగేళ్లు పడున్న బూట్లు పైకి కొత్తగానే కనిపిస్తాయి, కానీ గాలిలోని తేమకు అడుగుభాగంలోని నురుగు పొర లోపల్లోపల పొడిపొడి అయిపోయి ఉంటుంది. రెండోరోజు నడకలో మడమ దగ్గర మొదలై అట్ట మొత్తం నోరు తెరుచుకుంటుంది. ఇంట్లోనే బూటును రెండు చేతుల్తో గట్టిగా వంచి చూడండి. అతుకు దగ్గర పగుళ్లు కనిపిస్తే పక్కన పెట్టేయండి. కొత్తవి కొంటే సాయంత్రం పూట, కాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి సాక్సుతో వేసి చూడాలి. వేళ్లు ముందుకు తగిలేదాకా జరిపితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. బయల్దేరే ముందు కనీసం యాభై కిలోమీటర్లు వాటితోనే తిరగాలి. దారిలో ఎక్కడైనా వేడిగా రాపిడి అనిపించగానే ఆగి టేపు వేసుకోవాలి, బొబ్బ వచ్చాక వేసి లాభం లేదు.

జీన్స్, కాటన్ బనియన్లు ఇంట్లో వదిలేయండి. నూలు చెమటను పీల్చి పట్టుకుంటుంది, గాలి తగలగానే ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా ఉన్ని, దానిపైన ఫ్లీస్, ఆపైన నీళ్లు దిగని జర్కిన్. నిద్రకు వేరే పొడి బట్టల జత ప్లాస్టిక్ సంచీలో కట్టి ఉంచుకోవాలి, ఎంత తడిసినా పగలు దాన్ని తీయకూడదు. 2024 జూన్‌లో ఇదే ఉత్తరకాశీ జిల్లా వైపున్న సహస్రతాల్ దారిలో వాతావరణం చెడి, ఎక్కువమంది కర్ణాటకవాళ్లే ఉన్న 22 మంది బృందంలో తొమ్మిది మంది చనిపోయారు. చలి దెబ్బ ఎలా ముదురుతుందో అందరికీ తెలిసి ఉండాలి. మొదట వణుకు, తర్వాత మాట ముద్ద, చేతులు జిప్పు పెట్టలేకపోవడం. వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, శరీరం చేతులెత్తేసిందని. వెంటనే గాలి తగలని చోట తడిబట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగులో పెట్టి, తాగగలిగితే తీపి వేడినీళ్లు పట్టాలి. మద్యం ఒక్క చుక్క కూడా పనికిరాదు.

నీళ్లు రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలి. పైన 88 డిగ్రీలకే నీళ్లు మరుగుతాయి, అయినా క్రిములు చావడానికి అది చాలు. పప్పు ఉడకడానికే చాలదు, అందుకే వంటవాళ్లు ప్రెషర్ కుక్కర్ మోస్తారు. ఆకలి లేని చోట రెండు ముద్దలు దిగడానికి చిన్న డబ్బాలో ఆవకాయ పట్టుకెళ్లడం తెలివైన పని.

బాటమీద కంచర గాడిదలు ఎదురైతే కొండవైపు గోడకు ఆనుకుని నిలబడాలి. లోయ అంచున నిలబడితే వాటి వీపు మీది మూట తగిలి కిందపడతారు. తెలియనివాళ్లు వాటికి దారి ఇద్దామని సరిగ్గా అంచుకే జరుగుతారు. గైడ్ ముందు నడిస్తే చాలదు, అందరికన్నా వెనక ఇంకో మనిషి ఉండాలి. జబ్బుపడేది సాధారణంగా వెనకబడినవాళ్లే.

గైడ్ ఎవరని అడిగినప్పుడు ట్రెక్ లీడర్ పేరొక్కటే చెబితే సరిపెట్టుకోవద్దు. 1965లో మొదలైన ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థలో 28 రోజుల బేసిక్ కోర్సు చేసినవాళ్లున్నారా, ప్రథమ చికిత్సలో శిక్షణ ఎవరికుంది, ఆ లోయ ఊళ్ల మనిషి ఒకరైనా తోడున్నాడా అని అడగాలి. పోర్టర్లకు వెచ్చని జర్కిన్, బూట్లు, బీమా ఇస్తున్నారా అని కూడా. తన మోతగాళ్లకు చెప్పులతో మంచు దాటిస్తున్నవాడు మీ అబ్బాయిని మాత్రం జాగ్రత్తగా చూస్తాడని ఎలా నమ్ముతాం?

విదేశాల నుంచి సెలవులకొచ్చి ఇటు వెళ్లే మన పిల్లలకు ఒక హెచ్చరిక. అక్కడ మామూలుగా వాడే ఉపగ్రహ ఫోన్లు, ఉపగ్రహ సందేశ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. విమానాశ్రయాల్లో పట్టుబడి కేసులైనవాళ్లున్నారు. సాంక్రీ దాటాక మామూలు ఫోను మోగుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్లకు ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో కాగితం మీద రాసిచ్చి బయల్దేరండి. నగదు పురోలాలోనే తీసుకోండి.

చివరగా తిరుగు టికెట్. మోరీ, పురోలా రోడ్డు మీద వానలు తగ్గాక కూడా రాళ్లు జారిపడి దారి మూసుకుపోతుంటుంది. తెల్లారి ఢిల్లీలో రైలు పట్టుకోవాలన్న తొందరలోనే కల్కతియాధార్ నుంచి తాలుకా దాకా ఒక్క రోజులో పరుగున దిగి, చీకటిపడ్డాక టార్చి వెలుగులో మోకాళ్లు, చీలమండలు విరగ్గొట్టుకుంటున్నారు. కార్యక్రమం సాంక్రీలో ముగిసే రోజుకూ, ఢిల్లీ నుంచి రైలెక్కే రోజుకూ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచి టికెట్ చేయించుకోండి. సెలవులు అందుకు సరిపోకపోతే ఈసారికి హర్ కీ దూన్ వదిలేసి, ఓస్లా దాకా వెళ్లి రెండు రాత్రులుండి రండి.

ఇట్లు,
పర్వత నడకల్లో పనిచేసే ఒక పాఠకుడు,
హైదరాబాద్