గంటస్తంభం దగ్గరి డీటీపీ మాస్టారికి, ఇంకా చెప్పాల్సిన వాళ్లందరికీ

రాత్రి రెండున్నరకి ఆఖరి పాట ఎక్స్‌పోర్ట్ అయింది. తొమ్మిది పాటలూ భజన బృందం వాళ్లకి పంపేశాను. మా విజయనగరం పైడితల్లి అమ్మవారి తొలేళ్లకి, అంటే సిరిమాను ముందురోజు ఉత్సవానికి, ఇంకా పది రోజులుంది, మైకుల వాళ్లకి పెన్‌డ్రైవ్‌లు అందే టైముంది. ఒళ్లంతా అలిసిపోయినా నిద్ర పట్టడం లేదు. కుడిచేతికి పట్టీ ఉంది కాబట్టి ఇదంతా ఫోన్‌కి నోటితో చెప్పి, ఎడం చేత్తో దిద్దుకుంటున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. పొద్దున రాద్దామంటే, ఈపాటి పొంగిపోయిన మనసు చల్లారిపోయి రెండు ముక్కల్లో తేల్చేస్తానేమోనని భయంగా ఉంది.

నేను చేసే పని కొందరికి తెలుసు. దాసన్నపేటలో మా మేడ మీద చిన్న గది, ఒక కంప్యూటర్, రెండు మైకులు. భక్తి పాటలు, జానపదాలు రికార్డు చేసి మిక్సింగ్ చేసి ఇస్తాను. ఈసారి తొమ్మిదింటిలో ఒకటి తప్పెటగుళ్ల పాట. పద్నాలుగు మంది గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, ఎగురుతూ వాయిస్తూ పాడారు. మామిడితోటలో రికార్డు చేశాం. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ తెర మీద ఆ దెబ్బలన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఎగిరేటప్పుడు మైకు తగిలిన చోట్లు కోసి, మూడు టేకుల్లోంచి మంచి ముక్కలు ఏరి అతికించాలంటే మాత్రం మౌస్ తప్ప దిక్కు లేదు. రోజుకి పది గంటలు అదే పని చేశాను.

జులైలో బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మొదలైంది. ఆగస్టుకి పాలగిన్నె ఎత్తలేకపోయాను. ఫిజియోథెరపీ మేడమ్ బొటనవేలిని గుప్పిట్లో ముడవమని, మణికట్టుని చిటికెనవేలు వైపు వంచమన్నారు. ప్రాణం పోయినంత పనైంది. డీ క్వెర్వేన్ అన్నారు, బొటనవేలి వైపు వెళ్లే స్నాయువుల చుట్టూ ఉండే తొడుగు బిగుసుకుపోవడమట. పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకి కూడా వస్తుందట. ‘మౌస్ తగ్గించండి’ అన్నారు. చేతిలో పని సగం కూడా అవలేదు. అడ్వాన్స్ తీసేసుకున్నాను.

అప్పుడు అనుకున్నాను, బోలెడు బటన్లుండి మనకి కావాల్సినట్టు మార్చుకోగలిగే మాక్రో కీబోర్డు, మౌస్ కొంటే సగం కష్టం తీరుతుందని. మూడు వారాలు రాత్రుళ్లు వీడియోలు చూశాను. ఒకాయన ఇది కొనమంటాడు, ఇంకొకాయన అది దండగంటాడు. చివరికి పన్నెండు కీలు, రెండు తిప్పుడు నాబ్‌లు ఉన్న చిన్న ప్యాడ్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాని సంగతి తర్వాత చెప్తాను, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పాటల పుస్తకం వేయించడానికి గంటస్తంభం వెనక సందులో ఒక డీటీపీ షాపుకి వెళ్లాను. పెళ్లికార్డులు, కరపత్రాలు చేసే షాపు. అంతకు ముందు ఆయన ఎవరో నాకు తెలియదు, ఆయనకి నేనెవరో తెలియదు. రసీదు మీద సంతకం పెట్టమంటే ఎడం చేత్తో పెట్టాను, వంకరటింకరగా వచ్చింది. ఆయన రసీదు చూడలేదు, నా చెయ్యి చూశారు. ‘ఏటమ్మా, చెయ్యి బాగోలేదా? ఎన్నాళ్ల నుంచి?’ అన్నారు.

ఈ మాట రాస్తుంటే మళ్లీ కళ్లు తడుస్తున్నాయి. అప్పటికి రెండు నెలలు. ఆ రెండు నెలల్లో అందరూ నన్ను అడిగింది ‘పాటలు ఎప్పుడవుతాయి?’ అని. ఎన్నాళ్ల నుంచి నొప్పి అని అడిగిన బయటి మనిషి ఆయనొక్కరే. షాపులో ఇద్దరు కస్టమర్లున్నా ఆగలేక ఏడ్చేశాను. ఆయన కంగారు పడలేదు. స్టూలు లాగి కూర్చోబెట్టి, టీ చెప్పించి, గ్లాసు నా ఎడం చేతి వైపు పెట్టారు.

ఆయనకి ముప్పై ఏళ్ల టైపింగ్. అను ఫాంట్స్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో, యాపిల్ అనే కీల అమరికలో, కీబోర్డు వైపు చూడకుండా కొడతారు. పదేళ్ల కిందట ఆయనకీ ఇలాగే నొప్పితో చెయ్యి పనిచేయకుండా పోయిందట. అప్పటి నుంచి ఈ కీబోర్డుల సంగతి ఆయనే ఒక్కొక్కటీ విప్పి, బిగించి నేర్చుకున్నారు. ఆయన టేబుల్ మీద కుడివైపు ఉండాల్సిన నంబర్ ప్యాడ్ ఎడమవైపు విడిగా ఉంది. దాని కీల మీద గోళ్ల రంగుతో చుక్కలు. ఎరుపు చుక్క సేవ్, పచ్చ చుక్క పేస్ట్.

నా గోడు అంతా విని, ఏ కంపెనీది కొనాలో ఒక్క ముక్క చెప్పలేదు. మిగిలిపోయిన పెళ్లికార్డు ఒకటి తిరగేసి ఇచ్చి, ‘ఒక పూట పని చేసుకో. ఏ పని ఎన్నిసార్లు చేశావో దీని వెనక గీతలు పెట్టించు. రేపు పట్టుకురా’ అన్నారు. ఆ పూట నేను పని చేస్తుంటే మా అబ్బాయి పక్కన కూర్చుని గీతలు పెట్టాడు. కార్డు నిండిపోయి అంచుల్లో కూడా పెట్టాల్సి వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ గీతలు కోతకి పడతాయనుకున్నాను. కాదు, జూమ్ చేయడం, పక్కకి జరపడం. తర్వాత కోత. తర్వాత అన్‌డూ. అన్నీ కలిపితే నా చెయ్యి పొద్దస్తమానం చేస్తున్న పనులు పదకొండే. నేను కొందామనుకున్న పెద్ద కీబోర్డుకి నూటనాలుగు కీలున్నాయి.

మర్నాడు కార్డు చూసి ఆయన ఇంకో మాట అడిగారు. కొనడానికి సిద్ధంగా పెట్టుకున్న మౌస్ ఫొటో చూపించాను. బొటనవేలి వైపు పన్నెండు బటన్లుండే రకం, రేజర్ నాగా, లాజిటెక్ జీ600 లాంటివి. ‘ఆ పన్నెండూ ఏ వేలితో నొక్కుతావమ్మా?’ అన్నారు. నేను పట్టీ కట్టిన బొటనవేలు చూసుకున్నాను. అన్ని వీడియోలు చూశాను, ఆ ప్రశ్న ఒక్కరూ వేయలేదు, నాకూ తట్టలేదు. పోనీ మౌస్‌లా జరపకుండా బంతి తిప్పుతూ వాడే ట్రాక్‌బాల్ తీసుకుంటానంటే, ఎర్గో ఎం575 లాంటి వాటిలో బంతిని తిప్పేది కూడా బొటనవేలే అని చూపించారు. నా చేతికి బంతి మధ్యలో ఉండి, మిగతా వేళ్లతో తిప్పే రకం కావాలి. కెన్సింగ్టన్ వాళ్ల పెద్ద బంతిది ఆయన దగ్గరుంది. రోజూ ఆయన వాడుకునేదే. వైరు చుట్టి గుడ్డసంచిలో పెట్టి నా చేతికిచ్చారు. ‘నీ పని అయ్యేదాకా ఉంచుకో. నాకు మామూలు మౌస్‌తో గడిచిపోతుంది’ అన్నారు. చెయ్యి పోయిన మనిషికి మామూలు మౌస్‌తో ఎలా గడుస్తుందో నాకు తెలుసు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

ఆదివారం షాపు మూసి మా ఇంటికొచ్చారు. నాబ్ ఉన్న పాత మెకానికల్ నంబర్ ప్యాడ్ ఒకటి తెచ్చారు. మేడ ఎక్కగానే ముందు కంప్యూటర్ చూడలేదు, కుర్చీ చూశారు. టేబుల్ ఎత్తుగా ఉంది, కుర్చీ పెంచితే కాళ్లు గాల్లో ఉంటున్నాయి. కిందికి దిగి వంటింట్లోంచి ముక్కాలిపీట అడిగి తెచ్చి నా కాళ్ల కింద పెట్టారు. పెద్దాయన నా కాళ్ల దగ్గర వంగితే నాకు ప్రాణం చచ్చిపోయింది. తర్వాత నా పెద్ద కీబోర్డు తీసేయించారు. కుడిపక్క ఆ నంబర్లు ఉన్నంతకాలం మౌస్ అంత దూరం జరిగిపోతుంది, చెయ్యి చాచి చాచి భుజం కూడా పోతుంది అన్నారు. నంబర్లు లేని పొట్టి కీబోర్డు మధ్యలో, విడి ప్యాడ్ ఎడమవైపు, ట్రాక్‌బాల్ దగ్గరగా కుడివైపు. అంతే.

ఇక్కడి నుంచి నాలాంటి పని చేసేవాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను, ఆయన నాకు చెప్పినట్టే. ఆయన తెచ్చిన ఆ నంబర్ ప్యాడ్‌లో ఏ కీ ఏం చేయాలో వయా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మార్చుకోవచ్చు. మార్చినది ప్యాడ్‌లోనే నిలిచిపోతుంది, ఏ కంప్యూటర్‌కి పెట్టినా అలాగే పనిచేస్తుంది, వెనకాల ఏ ప్రోగ్రామూ నడుస్తూ ఉండక్కర్లేదు. మామూలు కీబోర్డుల మీద ఎఫ్12తో ఆగిపోతాం కదా, విండోస్‌కి ఎఫ్13 నుంచి ఎఫ్24 వరకూ కూడా తెలుసు. వాటిని మామూలుగా ఏ ప్రోగ్రామూ వాడదు కాబట్టి దేనితోనూ గొడవ రాదు. నా పదకొండు పనులకీ ఆ పన్నెండు సరిపోయి ఒకటి మిగిలింది.

కోసి, చిన్న ఫేడ్ వేసి (అంటే కోసిన చోట శబ్దం మెల్లగా తగ్గేలా చేసి), తర్వాతి ముక్కకి వెళ్లడం, ఈ మూడూ వరసగా కీబోర్డులో మాక్రోగా పెట్టేద్దామన్నాను. వద్దన్నారు. కీబోర్డుకి తెర మీద ఏం జరుగుతోందో తెలియదు, గుడ్డిగా టైప్ చేసుకుపోతుంది, కంప్యూటర్ ఒక్క క్షణం వెనకబడితే తప్పు చోట కోసేస్తుంది. కీబోర్డు ఒక్క కీ పంపాలి, మిగతాది నేను పాటలు ఎడిట్ చేసే రీపర్ సాఫ్ట్‌వేర్‌లో జరగాలి. రీపర్‌లో యాక్షన్ లిస్ట్ తెరిచి, ఆ మూడింటినీ ఒక కస్టమ్ యాక్షన్‌గా కలిపి ఎఫ్13కి కట్టాం. ఇప్పుడు ఎడమ చేత్తో పెద్ద సున్నా కీ నొక్కితే మూడూ అయిపోతాయి. జూమ్ ఆ ప్యాడ్ మీది నాబ్‌కి పెట్టాం. అందులో కీల కింద ఉన్నవి ఎర్ర రకం స్విచ్‌లు, నొక్కితే టిక్కుమనవు. టిక్కుమనే నీలం స్విచ్‌లున్న కీబోర్డు ముద్దుగా ఉంటుంది కానీ అదే గదిలో ఎవరైనా పాడుతుంటే ఆ చప్పుడు మైకులోకి వెళ్లిపోతుంది.

డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. ‘ఆ తప్పెటగుళ్లు ఒకసారి వినిపించమ్మా, చాలు’ అన్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడే విన్నారు. పాదం దానంతటదే అడుగేస్తోంది. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నారు. పేరు రాస్తానంటే ఒప్పుకోలేదు, అందుకే రాయడం లేదు. మాస్టారూ, మీకు ఎవరైనా చదివి వినిపిస్తే, ఇది మీ గురించే.

ఇప్పుడు ఆ ఆన్‌లైన్ ప్యాడ్ సంగతి. పేజీలో ‘పూర్తిగా ప్రోగ్రామ్ చేసుకోవచ్చు’ అని రాశారు. వచ్చిన పెట్టెలో చైనా భాషలో ఉన్న కాగితం, ఒక లింకు. ఆ సాఫ్ట్‌వేర్ తెరిస్తే యాంటీవైరస్ అడ్డుకుంది. వాపసు తీసుకోమంటే ‘మీ పిన్‌కోడ్‌కి పికప్ సౌకర్యం లేదు’ అన్నారు. తెచ్చి ఇచ్చేటప్పుడు ఇదే పిన్‌కోడ్ కదండీ? పెట్టె తెరిచేటప్పటి వీడియో ఉందా అని అడిగారు. ఒంటి చేత్తో పెట్టె చించుకుంటున్న మనిషి వీడియో ఎలా తీస్తుంది? మూడువేల రెండొందలు పోయాయి. పాత మౌస్ వారంటీలో ఉన్నా సర్వీస్ సెంటర్ విశాఖపట్నంలోనే అన్నారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. ఇక్కడ సంగీతం పని చేసుకునే మనిషి ఒక కీ నొక్కి చూసి కొనుక్కునే షాపు నాకు ఒక్కటీ దొరకలేదు. ఇంట్లో కూర్చుని చేసే పనికి చెయ్యి పోతే అది పని వల్ల వచ్చిన దెబ్బ అని ఎవరూ అనుకోరు, సెలవూ లేదు, పరిహారమూ లేదు. ఈ కోపం ఈ పోస్టులో వద్దనుకున్నాను. ఆగలేదు.

మా ఆయన, అత్తయ్య, అబ్బాయి ఎలాగూ ఉన్నారు. నెల రోజులు వంట అత్తయ్యే చూశారు. వాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు.

ఫిజియోథెరపీ మేడమ్‌కి వేల నమస్కారాలు. చివరి రెండు సార్లు ఫీజు తీసుకోలేదు. పాత మౌస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంటే లోపలి స్విచ్ మార్చి ఇచ్చిన ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి సెల్ రిపేరు కుర్రాడికి థాంక్స్, అదే ఇప్పుడు మా అబ్బాయి వాడుతున్నాడు. గడువు వారం పెంచిన భజన బృందం పెద్దమ్మకి, మామిడితోటలో కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి పెట్టిన రైతు అన్నయ్యకి కూడా.

అయ్యో, రీపర్‌లో కస్టమ్ యాక్షన్ తప్పుగా కట్టుకుని పాట సగం చెరిగిపోయిన రాత్రి, పన్నెండింటికి ఫోనెత్తి గంటసేపు ఓపిగ్గా చెప్పిన శ్రీకాకుళం తమ్ముడిని మర్చిపోయాను. ఏమీ అనుకోకు తమ్ముడూ.

షాపు తీయగానే ట్రాక్‌బాల్ తిరిగిచ్చేస్తాను. బంతి తీసి, లోపల పట్టిన దుమ్మంతా మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాను. సంచిలో తప్పెటగుళ్ల పాట పెన్‌డ్రైవ్ కూడా వేశాను. పెళ్లికార్డు మాత్రం ఇవ్వను, గీతలతో సహా టేబుల్ ఎదురుగా గోడకి అతికించుకున్నాను.

ఇంకొకరు. ఆ రోజు షాపులో ఉన్న ఇద్దరు కస్టమర్లు. నేను ఏడుస్తుంటే మీ పని పక్కన పెట్టి బయటికెళ్లి నిలబడ్డారు. మీరెవరో తెలియదు. మీక్కూడా.