అతివాహకత చిక్కుముడి మన ల్యాబుల్లోనూ కనబడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

2023లో ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రత వద్దే అతివాహకమవుతుందన్న, అంటే ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును పోనిస్తుందన్న వార్త పతాక శీర్షికలకెక్కింది. అది నిజం కాదని కొద్ది వారాల్లోనే తేలింది. ఆ హడావుడిలో, 1986లో శాస్త్రవేత్తలు బెడ్నార్జ్, ముల్లర్ కనుగొన్న రాగి ఆక్సైడ్ అతివాహకాల గుట్టు నేటికీ వీడలేదన్న సంగతి మరుగున పడింది.

ఆ గుట్టులో ముఖ్యమైనది సూడోగ్యాప్. ఈ రాగి ఆక్సైడ్ల కోవకే చెందిన, ఆక్సిజన్ పాలు కొంత తగ్గిన యిట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్‌లో, అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రతకు చాలా ఎగువనే, ఎలక్ట్రాన్లకు అందవలసిన శక్తిస్థాయులు కొన్ని దిశల్లో తరిగిపోతాయి. 1989 నాటి ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) కొలతల్లోనే దీని జాడ దొరికింది. అతివాహకతకు ఎలక్ట్రాన్లు జంటకట్టి, ఆ జంటలన్నీ ఒక్కటిగా కదలాలి. అవి అప్పటికే జంటకట్టినా, చేతులు పట్టుకుని కూడా ఒకే తాళానికి అడుగు కలపని థింసా బృందంలా ఉన్నాయన్నది ఒక వాదన. కాదు, అది అతివాహకతతో పోటీపడే వేరే అమరిక అన్నది మరొకటి. మన దేశంలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త చంద్ర వర్మ ప్రతిపాదించిన సూక్ష్మ విద్యుత్ వలయాలు ఈ కోవలోవే. జంటల ఆనవాళ్లు సూడోగ్యాప్ మొదలయ్యేంత ఎగువ ఉష్ణోగ్రతల దాకా కనబడవు కనుక, నాకు రెండో వాదనే బలమైనదిగా తోస్తుంది.

ఇంత లోతైన ప్రశ్న మన విద్యార్థులకు అందనిదేమీ కాదు. ఎమ్మెస్సీ ల్యాబుల్లో పరిచితమైన ఫోర్ ప్రోబ్ (నాలుగు తీగలతో నిరోధాన్ని కొలిచే) పద్ధతిలో, ఆక్సిజన్ తగ్గించిన ఈ ఆక్సైడ్ బిళ్ల నిరోధాన్ని గది ఉష్ణోగ్రత నుంచి ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) దాకా కొలిస్తే, తిన్నగా దిగుతున్న గీత ఒకచోట కిందికి వంగడం మొదలవుతుంది. ఆ వంపే సూడోగ్యాప్ జాడ. బిళ్ల అతివాహకంగా మారకముందే అది కనబడుతుంది. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే ప్లాంట్లున్న విశాఖలో ద్రవ నైట్రోజన్ దుర్లభమైన సరుకు కాదు. బిళ్లల తయారీలో వాడే బేరియం కార్బొనేట్ విషపదార్థం కాబట్టి, ఆ పనిని కళాశాలలకు వదలకుండా ఆంధ్ర విశ్వవిద్యాలయమే చేపట్టి, వేర్వేరు ఆక్సిజన్ పాళ్లున్న బిళ్లలను అనుబంధ కళాశాలలకు పంపాలి. ఈ ప్రయోగాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చి, వచ్చే విద్యాసంవత్సరానికే నిధులు కేటాయించాలని ఉన్నత విద్యామండలిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం