జబ్బు జింకని చూస్తే ముందు ఫోన్ చెయ్యండి

ఎడిటర్ గారికి,

అమెరికాలో లైసెన్స్ తీసుకుని వేటకెళ్ళేవాళ్ళు కూడా కుంటుతున్న జింక కనబడగానే పాపం బాధపడుతోంది, కాల్చేస్తే పీడా పోతుంది అనుకుంటారు. జాలి మంచిదే కానీ సీజన్ కాకుండా, పర్మిట్ లేకుండా అలా కాలిస్తే చాలా చోట్ల కేసవుతుంది, పైగా కొన్ని జింకలు మూడు కాళ్ళతోనే ఏళ్ళ తరబడి బతికేస్తాయి.

జబ్బు జింక సంగతి వేరు. ఎముకలు తేలి, చెవులు వేలాడేసి, చొంగ కార్చుకుంటూ, మనిషి దగ్గరకెళ్ళినా పారిపోకుండా అలా చూస్తూ నిలబడిందంటే అది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల్ని చిక్కి శల్యం చేసి చంపే మెదడు జబ్బు) కావచ్చు, 1967లో కొలరాడోలో మొదట బయటపడింది, ప్రయాన్ అనే పాడైన ప్రోటీన్ మెదడుని తినేస్తుంది, మందు లేదు టీకా లేదు, ఎంత ఉడకబెట్టినా చావదు (అసలు దానికి ప్రాణముంటే కదా చావడానికి!). మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు, అయినా జబ్బుగా కనిపించిన జింక మాంసం తినొద్దనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది.

అందుకే అలాంటిదాన్ని ముట్టుకోకుండా చోటు గుర్తుపెట్టుకుని వన్యప్రాణి అధికారులకి ఫోన్ చెయ్యాలి. బాగానే కనిపించిన జింకని కోసేటప్పుడు కూడా గ్లవ్స్ వేసుకోండి, మెదడు, వెన్నుపాము జోలికెళ్ళకండి, ఈ జబ్బు ఉన్న ఏరియా అయితే టెస్ట్ రిపోర్ట్ వచ్చేదాకా మాంసం ఫ్రీజర్లోనే ఉంచండి. మిగిలిన కళేబరాన్ని ఇంకో చోటికి మోసుకెళ్ళి పారెయ్యడం మాత్రం నాకు ఒళ్ళు మండే పని, ఆ ప్రయాన్లు మట్టిలో ఏళ్ళకేళ్ళు ఉండిపోతాయి.

సీజన్ మొదలయ్యే ముందు ఆ ఫోన్ నంబర్ ఏదో మీ పేపర్లో కాస్త పెద్దగా వెయ్యండి సార్.

ఇట్లు,
ఒక పాఠకుడు