మీ తరఫున అడిగిన ప్రశ్నలు

వియన్నా,
అక్టోబరు నెల

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బాబుకి జలుబు తగ్గి మళ్లీ బడికి వెళుతున్నాడు. ఆయన ఆఫీసు పని మామూలే. ఫోన్‌లో రోజూ మాట్లాడుకుంటున్నా ఈ సంగతి మాత్రం ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ముక్కలు ముక్కలుగా చెబితే రుచి పోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మొన్న శనివారం మా ముగ్గురికే ఒక గైడుని పెట్టుకుని, ఆస్ట్రియాని ఏలిన హాబ్స్‌బర్గ్ చక్రవర్తులు కాపురమున్న హోఫ్‌బర్గ్ రాజప్రాసాదం చుట్టుపక్కలంతా కాలినడకన తిరిగాం. ఇక్కడ గైడు పని ఎవరు పడితే వాళ్లు చేయడానికి లేదు. చరిత్ర, కళలు చదివి, పరీక్ష పాసై, లైసెన్సు తీసుకున్నవాళ్లే చేయాలి. మాకు వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. ఇంగ్లీషులో నెమ్మదిగా, విడమరిచి చెబుతారు. డబ్బులు మనిషికింత అని కాకుండా మొత్తం నడకకి ఇంత అని తీసుకుంటారు. ఇద్దరు వెళ్లినా అయిదుగురు వెళ్లినా ఒకటే. పెద్ద గుంపుల్లో వెళ్లేవాళ్లని నేను రోజూ చూస్తుంటాను. గైడు జెండా ఎత్తి ముందు నడుస్తుంటే, చెవిలో పరికరం పెట్టుకుని వెనక పరుగులాంటి నడక. ఎవరూ ఏమీ అడగరు, అడిగే వ్యవధీ ఉండదు. మా నడకలో అయితే బాబు ఒక రాతి సింహం ముందు ఆగితే అందరం ఆగాం. నేను మాత్రం నడిచినంతసేపూ, ఇక్కడ నాన్నగారుంటే ఏం అడుగుతారా అని ఆలోచించుకుంటూ, అవే అడుగుతూ వచ్చాను.

మీరైతే మొదట అడిగేది కోటగోడ ఏదీ అని. అవునా? రాజధాని అంటున్నారు, గోడ లేదేమని. బుర్గ్‌టోర్ అనే పెద్ద ద్వారం దగ్గర నడక మొదలుకాగానే అదే అడిగాను. గోడ ఉండేదట. 1529లోనూ 1683లోనూ తురుష్కుల సేనలు ముట్టడిస్తే ఊరిని కాపాడింది ఆ గోడలే. 1809లో నెపోలియన్ సైన్యం వెళ్లిపోతూ వెళ్లిపోతూ రాజప్రాసాదం వైపు బురుజుని పేల్చేసింది. మిగతా గోడని 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి తనే తీసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ఊరు పెరిగిపోయింది, ఫిరంగుల కాలంలో గోడ వల్ల ఉపయోగమూ తగ్గింది. ఆ గోడా, దాని బయటి మైదానమూ ఉన్నచోటే ఇప్పుడు రింగ్‌స్ట్రాసె అనే విశాలమైన వీధి ఉంది. పార్లమెంటు, ఒపేరా, విశ్వవిద్యాలయం అన్నీ దాని వెంటే కట్టారు. నేను ట్రాములో ఆఫీసుకి వెళ్లే దారి అదే. ఇప్పుడు ట్రాము మలుపు తిరిగినప్పుడల్లా ఇక్కడ బురుజు ఉండేదేమో అని చూస్తున్నాను.

ద్వారం దాటితే హెల్డెన్‌ప్లాట్స్, అంటే వీరుల మైదానం. రెండు పెద్ద గుర్రపు విగ్రహాలున్నాయి. ఒకదాని మీద ఆస్పర్న్ దగ్గర నెపోలియన్‌ని ఓడించిన ఆర్చ్‌డ్యూక్ చార్లెస్. అంత బరువైన లోహపు గుర్రం వెనక కాళ్లు రెండింటి మీదే నిలబడి ఉంది! రెండోది తురుష్కులతో యుద్ధాలు గెలిచిన యూజీన్ రాకుమారుడిది. చేసిన శిల్పి ఒకరే, ఫెర్న్‌కోర్న్. కానీ ఈ గుర్రానికి తోక కూడా కిందకి ఆనించాడు. ఆ తేడా కనిపెట్టింది మీ మనవడే. గైడుగారు చాలా సంతోషించారు.

ఆ మైదానానికి ఒక పక్కన వంపు తిరిగిన మహా భవనం ఉంది, నోయె బుర్గ్. దానికి ఎదురుగా అలాంటిదే ఇంకొకటి కట్టాలని పథకం. మొదలుపెట్టింది 1881లో. ఒక పక్క పూర్తవుతుండగానే యుద్ధం వచ్చింది, 1918లో సామ్రాజ్యమే పోయింది. రెండో పక్క ఇప్పటికీ ఖాళీ, చెట్లూ గడ్డీ. ఆ ఖాళీ వైపు నిలబడి చూస్తే, మీరు పాఠంలో చెప్పే "సామ్రాజ్య పతనం" కంటికి కనిపిస్తుంది.

1938 మార్చి 15న హిట్లర్ ఆస్ట్రియాని జర్మనీలో కలిపేశానని ప్రకటించింది ఆ భవనం మీది నుంచే. మైదానమంతా కిక్కిరిసిన జనం జేజేలు కొట్టారు. గైడుగారు ఈ మాట తప్పించలేదు, తేలిక చేయలేదు. పిల్లాడున్నాడు, చెప్పనా అని నన్ను ముందు అడిగారు. చెప్పమన్నాను. ఆ తర్వాతి ఏళ్లలో సుమారు 65,000 మంది ఆస్ట్రియా యూదుల్ని చంపేశారని, ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లు కూడా ఈ ఊరివాళ్లేనని చెప్పారు. సొంత ఊరి గురించి అంత నిజాయితీగా మాట్లాడే మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. చక్రవర్తుల కిరీటాలు, వజ్రాలు మాత్రమే చూపించే నడక అయితే ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు.

లోపలి ప్రాంగణంలో మధ్యన ఫ్రాన్సిస్ చక్రవర్తి విగ్రహం. ఈయన రెండో ఫ్రాన్సిసూ, మొదటి ఫ్రాన్సిసూ కూడా. వెయ్యేళ్ల నాటి పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి ఆఖరి చక్రవర్తిగా రెండోవాడు. నెపోలియన్ ఒత్తిడికి ఆ సామ్రాజ్యం ఎలాగూ నిలవదని తెలిసి, 1804లోనే ఆస్ట్రియా సామ్రాజ్యం అని కొత్తది ప్రకటించుకుని దానికి మొదటివాడయ్యాడు. పాతదాన్ని 1806లో రద్దు చేశాడు. ఆ రెండు సామ్రాజ్యాల కిరీటాలూ పక్కనే ఖజానాలో ఉన్నాయి. పాతది పదో శతాబ్దంది, ఎనిమిది పలకల కిరీటం. ఖజానా చూడాలంటే విడిగా టికెట్టు, కనీసం రెండు గంటలు పడుతుంది. ఇప్పుడు వద్దనుకున్నాం.

ఆ ప్రాంగణంలోనే ఫ్రాంజ్ జోసెఫ్ గదుల కిటికీలు చూపించారు. 1848లో పద్దెనిమిదేళ్ల వయసులో సింహాసనం ఎక్కి, 1916లో పోయేదాకా 68 ఏళ్లు ఏలాడు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి బల్ల ముందు కూర్చునేవాడు, పడుకునేది మామూలు ఇనుప మంచం మీద. తమ్ముడు మాక్సిమిలియన్‌ని 1867లో మెక్సికోలో కాల్చి చంపారు. 1889లో ఒక్కగానొక్క కొడుకు రుడాల్ఫ్ ప్రాణం తీసుకున్నాడు. 1898లో భార్యని జెనీవాలో ఒకడు పొడిచి చంపాడు. 1914లో వారసుడైన తమ్ముడి కొడుకు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ని సరయేవోలో కాల్చి చంపారు, దానితోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇన్ని చూసిన మనిషే ఆ యుద్ధానికి సంతకం పెట్టాడని గైడుగారు అన్నప్పుడు, ఇంత దుఃఖం తెలిసినవాడు ఆ పని ఎలా చేశాడని ఆవిడతో వాదన వేసుకున్నాను. మీరైతే ఇంకా గట్టిగా వాదించేవారు.

అమ్మా, ఇది నీకోసం. ఆ జెనీవాలో చనిపోయిన మహారాణి ఎలిజబెత్‌ని ఇక్కడ అందరూ సిసి అంటారు. మడమల దాకా జుట్టు. రోజూ దువ్వి ముడి వేయడానికే గంటలు పట్టేదట. ఆ సమయం వృథా పోకూడదని గ్రీకు నేర్చుకుంది. తన గదిలో వ్యాయామానికి వేలాడే రింగులు పెట్టించుకుంది, అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కానీ నీకు నచ్చేది ఆమె కాదనుకుంటాను, మరియా థెరీసా. పదహారు మంది పిల్లల్ని కని, నలభై ఏళ్లు రాజ్యం చేసి, 1774లో పిల్లలందరూ బడికి వెళ్లాల్సిందేనని చట్టం తెచ్చింది. ఫ్రాన్సులో తల నరికిన మేరీ ఆంటొనెట్ ఆమె కూతురే.

ఎరుపు, నలుపు రంగుల ష్వైట్సర్ టోర్ ద్వారం 1552 నాటిది. దాని గుండా వెళితే కోటలో అన్నిటికన్నా పాత భాగం. అక్కడినుంచి యోసెఫ్స్‌ప్లాట్స్‌కి వచ్చాం. లిపిజానర్ గుర్రాలని లాయం నుంచి స్వారీ బడికి వీధి దాటించి తీసుకెళుతుంటే దారి ఆపేశారు. పుట్టినప్పుడు నల్లగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయట. బాబు ఆ రాత్రి దాకా వాటి గురించే. పక్కన ఆగస్టీన్ చర్చిలో చక్రవర్తుల పెళ్లిళ్లయ్యేవి. వాళ్ల గుండెలని వెండి పాత్రల్లో పెట్టి దాచిందీ అక్కడే. శరీరం ఒకచోట, గుండె ఇంకోచోట! నాకు అది అంతగా పట్టలేదు.

నన్ను పట్టుకున్నది చివర చూసిన చోటు. నోయర్ మార్క్ట్‌లో కపుచిన్ సన్యాసుల చర్చి ఉంది. బయటినుంచి చూస్తే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. దాని నేలమాళిగలో నూట యాభై మంది దాకా హాబ్స్‌బర్గ్‌లు పడుకుని ఉన్నారు. మధ్య గదిలో మరియా థెరీసాది, ఆమె భర్త ఫ్రాన్సిస్ స్టీఫెన్‌ది జంట శవపేటిక. ఒక చిన్న ఇల్లంత ఉంది. దాని మీద ఇద్దరూ అప్పుడే నిద్రలేచినట్టు ఒకరినొకరు చూసుకుంటున్న ప్రతిమలు. చుట్టూ పూలు, యుద్ధాలు, కిరీటాలు. దాని కాళ్ల దగ్గర ఏ నగిషీ లేని ఒక రాగి పెట్టె. అది కొడుకు రెండో జోసెఫ్‌ది. తల్లి తర్వాత ఏలినవాడు.

నాన్నగారూ, ఈయన గురించి మీరు తెలుసుకోవాలి. మేం ఆదివారాలు నడిచే ప్రాటర్ అడవి ఒకప్పుడు రాజుల వేటస్థలం. 1766లో అందరికీ తెరిచింది ఈయనే. 1781లో ఇతర మతశాఖల క్రైస్తవులకి ఆరాధనకి అనుమతిచ్చాడు, మరుసటి ఏడాది యూదుల మీద కొన్ని ఆంక్షలు తగ్గించాడు. 1781లోనే బొహీమియాలో రైతుల వెట్టి దాస్యం తీసేశాడు. 1784లో ఊరికి పెద్దాసుపత్రి కట్టించాడు. చావులో కూడా ఆడంబరం వద్దని, అడుగు తెరుచుకునే శవపేటికనే మళ్లీ మళ్లీ వాడమన్నాడు. జనం భగ్గుమంటే ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. జనాన్ని అడగకుండా జనం మేలు చేయబోయాడు, అదే ఆయన చిక్కు. పోయేముందు హంగరీలో తను తెచ్చిన మార్పులు చాలా వరకు తనే రద్దు చేశాడు. 1790లో పోయాడు, నలభై ఎనిమిదేళ్లే. ఆ రాగి పెట్టె ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఆవిడ తొందరపెట్టలేదు. గుంపుతో వచ్చుంటే ఆ నిలబడటం ఉండేది కాదు.

ఇంకొకటి అడిగాను, మీ సరయేవో పాఠం గుర్తొచ్చి. ఫ్రాంజ్ ఫెర్డినాండ్ పెట్టె ఏదీ అని. ఇక్కడ లేదట. భార్య సోఫీ రాజవంశీకురాలు కాదని, ఆమెకి ఈ నేలమాళిగలో చోటు ఇవ్వరు. అందుకని ఆయన ముందే ఆర్ట్‌స్టెటెన్ అనే చోట తమ ఇద్దరికీ సమాధి సిద్ధం చేసుకున్నాడు. ఒకే రోజు తూటాలకి పోయిన ఇద్దరూ అక్కడే పక్కపక్కన ఉన్నారు. అదే కుటుంబంవాళ్లు, మరియా థెరీసాని పెంచిన గురువు ఫుక్స్ దొరసానికి మాత్రం ఇక్కడ చోటిచ్చారు. రాజకుటుంబానికి చెందని మనిషి ఇక్కడ ఆవిడ ఒక్కరే.

ఈ నడక మీరిద్దరూ చేయాలి. ఫోన్‌లో మీరు "బస్సులో కూర్చోబెట్టి అన్నీ చూపించే ప్యాకేజీ ఉంటే చూడమ్మా" అన్నారు. నాకది ఇష్టం లేదు. బస్సు కిటికీలోంచి చూసింది మీకు ఆనదు. అమ్మ మోకాళ్ల గురించి గైడుగారితో మాట్లాడాను. చోట్లన్నీ దగ్గరదగ్గరే, దాదాపు అంతా చదునైన నేల. కొన్నిచోట్ల రాళ్లు పరిచిన దారి ఉంది, అడుగు మెత్తగా ఉన్న బూట్లు చాలు. మధ్యలో హెల్డెన్‌ప్లాట్స్ పక్కనే గులాబీ తోట ఉంది, బెంచీలున్నాయి, అమ్మ ఎంతసేపైనా కూర్చోవచ్చు. కావాలంటే రెండు రోజులు చేసుకుందాం, ఒకరోజు ప్రాసాదం, ఒకరోజు నేలమాళిగ. జూన్ మొదట్లో అయితే గులాబీలు పూసి ఉంటాయి, ఎండ ముదరదు.

కనుక ముందు అమ్మ పాస్‌పోర్టు గడువు చూడండి. షెంగెన్ వీసాకి అపాయింట్‌మెంటు దొరకడం ఆలస్యమవుతోంది, సంక్రాంతి దాటగానే మొదలుపెట్టాలి. ఆహ్వాన పత్రం, బీమా సంగతి ఆయన చూసుకుంటానన్నారు. మీ నాన్నగారికి ఏ కాలం మీద మక్కువ ఎక్కువ అని గైడుగారు అడిగారు, దానికి తగ్గట్టు దారి వేస్తారట. నెపోలియనా, 1914ఆ, లేక జోసెఫ్ సంస్కరణలా? మీ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపండి, ఆవిడకి ఇంగ్లీషులో చెబుతాను.

అమ్మని వేళకి మందులు వేసుకోమనండి. బాబు మీ ఇద్దరికీ ముద్దులు పంపిస్తున్నాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి