కోనన్ దగ్గరికి దారి చూపిన వాళ్లందరికీ

పాత పల్ప్ పత్రికల (చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికల) నాటి స్వోర్డ్ అండ్ సోర్సరీ కథలు, అంటే కత్తులూ మంత్రాలూ కలిసిన సాహస కథలు చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని కనిపించిన వాళ్లందరినీ నేను విసిగించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. పుస్తకాలు అరువిచ్చిన వాళ్లు, కాగితం మీద జాబితా రాసిచ్చిన వాళ్లు, ఫోన్లో నాతో గట్టిగా వాదించిన వాళ్లు... అందరికీ ఒకేచోట థాంక్స్ చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దని ఇద్దరు ముందే హెచ్చరించారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

మొదట మాస్టారికి. ఈ తరహా కథల్లో పేరుమోసిన కండల వీరుడు కోనన్. నా దగ్గరున్న పాత సంపుటంలో అతని కథలన్నీ అతని వయసు వరసలో పేర్చి ఉన్నాయి. కుర్రదొంగగా మొదలై రాజయ్యేదాకా. చూడ్డానికి పద్ధతిగానే ఉంది కానీ ఎంతకీ ముందుకు కదలదు. ఒక కథలో గుర్రంలా దూకిన వచనం తర్వాతి కథకు వచ్చేసరికి కాళ్లీడుస్తుంది. ఈ మాట మాస్టారితో అంటే ఆయన నవ్వి, "అది మూసెయ్. ఈ ఒక్క కథ చదివి రా, అప్పుడు మాట్లాడదాం" అని వేరే పుస్తకం చేతిలో పెట్టారు. అది రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసిన 'ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్'. 1933 మార్చిలో 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చింది.

ఆ రాత్రి ఆ కథ రెండుసార్లు చదివాను. దొంగల నగరంలో, మాంత్రికుడి బురుజులో ఒక మణి ఉంటుంది. దాన్ని కొట్టేయడానికి కోనన్ గోడ దూకుతాడు. తోటలో సింహాలు, పైన ఒక భయంకరమైన సాలెపురుగు, తోడు వచ్చిన పేరుమోసిన దొంగ... ఇంతవరకు మనం ఊహించగలిగే సరుకే. తర్వాత ఒక గదిలో ఏనుగు తల ఉన్న ఆకారం కనిపిస్తుంది. ఏనుగు తల అనగానే మనకు తట్టే దేవుడు వేరు కాబట్టి ఆ చోట నా ఒళ్లు ఇంకాస్త ఎక్కువే జలదరించిందేమో. కోనన్ కూడా ముందు అది విగ్రహమనే అనుకుంటాడు. తీరా చూస్తే వేరే లోకం నుంచి వచ్చి, మాంత్రికుడి చేతిలో చిత్రహింసలు పడి, చూపు పోగొట్టుకున్న ప్రాణి. అక్కడ ఆ కండల వీరుడు కత్తి ఎత్తడు. జాలిపడతాడు, మనుషులు చేసిన పనికి తాను సిగ్గుపడతాడు. కండలూ నెత్తురూ తప్ప ఇంకేమీ ఉండదని పేరుపడ్డ కథల్లో ఇంత దయ ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. మాస్టారు కూడా చెప్పలేదు, నన్నే చదువుకోమన్నారు. అందుకే ఆయనకు రెండు నమస్కారాలు.

తర్వాత మా బావకి. అసలు చిక్కుముడి విప్పింది బావే. కోనన్ మొదటిసారి అచ్చులోకి వచ్చింది 1932 డిసెంబరులో. ఆ కథలో అతను అప్పటికే నడివయసు రాజు. అది కూడా వేరే హీరోతో రాసి, పత్రికలు తిప్పి పంపేస్తే మార్చి రాసిన కథ. నెల తిరక్కుండా వచ్చిన రెండో కథలోనూ రాజే. మూడోదైన ఏనుగు బురుజు కథకు వచ్చేసరికి లోకం తెలియని కుర్రాడు. నాలుగో కథలో కిరాయి సైనికుడు. అంటే హోవర్డ్ ఎప్పుడూ వరసగా చెప్పనేలేదు. ఏ నెలకు ఏ ఘట్టం తలకెక్కితే అది రాశాడు. టెక్సస్‌లోని క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో కూర్చుని ఇదంతా రాసి, 1936లో ముప్ఫై ఏళ్లకే చనిపోయాడు.

వయసు వరస తర్వాతి వాళ్ల పుణ్యం. 1966 నుంచి లాన్సర్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ పేపర్‌బ్యాక్‌లు వేసినప్పుడు ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్, లిన్ కార్టర్ కథల మధ్య ఖాళీలు పూరించారు. సగంలో ఆగినవి పూర్తి చేశారు, కొత్తవి తామే రాశారు. హోవర్డ్ వేరే నాయకులతో రాసిన సాహస కథలను కూడా కోనన్ కథలుగా మార్చేశారు. నా సంపుటంలో వచనం కాళ్లీడ్చిన చోట్లన్నీ బావ పెన్సిల్‌తో గుర్తుపెట్టి చూపించాడు. పందెం కాసి ఉంటే గెలిచేవాడు. అలాగని ఆ ఇద్దరినీ తిట్టడానికి నాకు నోరు రాదు. ఫ్రాంక్ ఫ్రజెటా బొమ్మల అట్టలతో ఆ పేపర్‌బ్యాక్‌లు రాకపోతే ఎన్ని లక్షలమంది ఈ కథల మొహం చూసేవాళ్లు? పాత పత్రికలు దాచుకున్న కొద్దిమంది దగ్గరే ఉండిపోయేవి.

వరస ఎందుకు అక్కర్లేదో అర్థమైంది మాత్రం మా మేనల్లుడి వల్ల. వాడు పాత 'వియర్డ్ టేల్స్' సంచికల స్కాన్లు టాబ్లెట్‌లో తెరిచి ఇచ్చాడు. పక్కపక్కనే రెండు కాలమ్‌లు, మధ్యమధ్యలో ప్రకటనలు, వెనకాల 'ది ఈరీ' అనే పాఠకుల ఉత్తరాల శీర్షిక. పోయిన సంచికలో ఏ కథ బాగుందో, ఏది చెత్తగా ఉందో జనం మొహమాటం లేకుండా రాసేవాళ్లు. మార్గరెట్ బ్రండేజ్ వేసిన ముఖచిత్రాల మీదైతే తగాదాలే. ఈ నెల పత్రిక కొన్నవాడు పోయిన నెల కొన్నాడని నమ్మకం లేదు. అందుకే ప్రతి కథా తన కాళ్ల మీద తాను నిలబడాలి. మొదటి పేజీలోనే కాలర్ పట్టుకోవాలి. రచయితకు డబ్బులు మాటల లెక్కన, అదీ అచ్చయ్యాక. హోవర్డ్ చనిపోయేనాటికి పత్రిక అతనికి వందల డాలర్లు బాకీ ఉంది. ఆ పరుగు, ఆ ఆకలి వాక్యాల్లో కనిపిస్తాయి. అట్టల మధ్య బైండు చేసిన పుస్తకంలో నాకు అందనిది, ఆ ప్రకటనల మధ్య చదివినప్పుడు అందింది. ఒరేయ్, నీకు పెద్ద థాంక్స్. టాబ్లెట్ ఇంకో వారం ఉంచుకుంటాను.

లైబ్రరీ మేడమ్ గారికి థాంక్స్ చెప్పకపోతే పాపం. హోవర్డ్ దగ్గరే ఆగిపోతానేమోనని ఆవిడకు భయం. ఫ్రిట్జ్ లైబర్ పుస్తకం తెచ్చి, "ఇందులో నవ్వు కూడా ఉంటుంది, చూడండి" అన్నారు. నిజమే. ఫాఫర్డ్ ఉత్తరాది ఆజానుబాహువు, గ్రే మౌజర్ పొట్టి టక్కరి. కొట్టేసిన సొమ్ము వాళ్ల చేతిలో ఎప్పుడూ నిలవదు. వాళ్ల మొదటి కథ అచ్చయింది 1939లో. ఇద్దరూ ఒకరికొకరు ఎలా జతపడ్డారో చెప్పే కథ, హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ గెలిచినది, వచ్చింది 1970లో. ముప్ఫై ఏళ్ల స్నేహం చూశాక పరిచయం! మైకేల్ మూర్‌కాక్ ఇంకా ఘనుడు. 1961లో ఎల్రిక్ అనే మాంత్రిక రాజును తన నగరాన్ని తానే కూల్చుకునే ఘట్టంతో పరిచయం చేశాడు, మూడేళ్లు తిరిగేసరికి అతన్నీ అతని లోకాన్నీ ముగించేశాడు. సింహాసనం మీద ఉన్న నాటి ఎల్రిక్ కథతో నవల రాసింది 1972లో. రాజ్యం పోయిన రాకుమారుడు మాంత్రికుణ్ని చంపి, పెళ్లాడి, పట్టం కట్టుకునే జానపద నవలలు చదివి పెరిగిన నాకు, మాంత్రికుడే హీరో, అతని కత్తే అతన్ని తినేసే శత్రువు అన్న తలకిందుల వ్యవహారం భలే నచ్చింది.

ఇక అక్కకి. ఈ కథల్లో ఆడవాళ్లంటే కేకలు పెట్టి స్పృహ తప్పేవాళ్లేనా అని నేను గొణుగుతుంటే సి. ఎల్. మూర్ అనే రచయిత్రి రాసిన, జిరెల్ అనే వీరవనిత కథ పంపింది. 1934 నాటిది. రాసినావిడ అప్పటికి బ్యాంకులో ఉద్యోగం చేస్తోంది. జిరెల్ తన కోటను పట్టుకున్నవాడి మీద పగ తీర్చుకునే ఆయుధం కోసం ఒంటరిగా పాతాళంలాంటి చోటికి దిగుతుంది. కత్తి కన్నా పగే ఎక్కువ పదునుగా ఉంటుంది ఆ కథలో. అక్క చేసిన ఇంకో మేలు, ముందే చెప్పి ఉంచడం. హోవర్డ్ కథల్లో నల్లజాతి వాళ్ల గురించి రాసిన మాటలు కొన్ని నేరుగా జాతివివక్షే, కాలం అలాంటిది అని దాటవేయకు అంది. చదివాను, గుచ్చుకున్నాయి. అక్కతో ఒప్పుకుంటాను. ఆ వెంటనే చార్ల్స్ సాండర్స్ నవల 'ఇమారో' చదవమంది, 1981లో వచ్చింది. ఇదే తరహా సాహసాన్ని ప్రేమించిన నల్లజాతి రచయిత, ఆఫ్రికాను పోలిన లోకం కట్టి, తన వీరుణ్ని అందులో నిలబెట్టాడు. ఇంతకన్నా మంచి జవాబు వ్యాసం రాస్తే వచ్చేది కాదు.

"ఈ వయసులో ఈ చవకబారు పుస్తకాలేంటి" అన్న వాళ్లు కూడా కొందరు ఉన్నారు. వాళ్లకూ థాంక్సే. వాళ్లకు చెప్పడానికి సమాధానాలు వెతుక్కుంటూ ఇంకో నాలుగు కథలు ఎక్కువ చదివాను.

చివరిగా ఒక అడుక్కోవడం ఉంది. 1977లో కోనన్ కథలను ఇతరుల మార్పులూ చేర్పులూ లేకుండా పత్రికలో వచ్చిన పాఠంతో మళ్లీ వేయించిన సంపాదకుడు కార్ల్ ఎడ్వర్డ్ వాగ్నర్. ఆయన సొంతంగా సృష్టించిన కేన్ అనే పాత్ర కథలు ఎంత వెతికినా నాకు దొరకలేదు. మీలో ఎవరి అటక మీదైనా ఉంటే చెప్పండి. అట్ట వేసి చదువుతాను, పేజీ మడవను, నెలలోపు తిరిగి ఇచ్చేస్తాను. మాస్టారు సాక్ష్యం చెబుతారు.