బాకీ చెప్పడానికి 47 సెకన్లు: మీ మండీ సాఫ్ట్‌వేర్‌పై ఐదో ఫిర్యాదు

కోయంబేడు, చెన్నై
14 జులై 2025

కస్టమర్ సపోర్ట్ విభాగాధిపతి గారికి,

విషయం: గ్రూపుల కింద గ్రూపులున్న ఖాతాల మొత్తం బాకీ పేజీ తెరుచుకోవడంలో జాప్యం, నాలుగు ఫిర్యాదులు చేసినా పరిష్కారం లేకపోవడం.

అయ్యా,

మీ మండీ లెక్కల సాఫ్ట్‌వేర్‌ను మేము మూడేళ్లుగా వాడుతున్నాం. ఏటా నిర్వహణ ఒప్పందం కింద 38,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 44,840 రూపాయలు, గడువుకు ముందే కడుతున్నాం. ఈ మాట మొదటే ఎందుకు ఎత్తుతున్నానంటే, ఈ రెండు నెలల్లో మీవాళ్లతో మాట్లాడిన ప్రతిసారీ మేమేదో ధర్మం అడుగుతున్నట్టు అనిపించింది.

మాది టమాటా కమీషన్ మండీ. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు నుంచి సరుకు రాత్రి లారీల్లో బయలుదేరి తెల్లవారకముందే ఇక్కడికి చేరుతుంది. మా ఖాతాలు ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. ప్రాంతం కింద పెద్ద ఏజెంటు, ఆయన కింద ఊళ్లు, ఊరి కింద ఊరి ఏజెంటు, అతని కింద రైతులు. మీ సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ గ్రూపులే. ఈ రోజుకు 2,316 ఉన్నాయి. ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వాలంటే అతని కింద ఉన్న అందరి బాకీలూ కలిపి ఎంతో చూసుకోవాలి. మీ ప్రతినిధి మా మండీకి వచ్చి సాఫ్ట్‌వేర్ అమ్మిన రోజు చూపించి మురిసిపోయింది ఈ పేజీనే. అప్పుడు అందులో 12 గ్రూపులున్నాయి.

గత నెల ఒక రోజు తెల్లవారుజామున మూడున్నరకు మదనపల్లె నుంచి వచ్చే పెద్ద ఏజెంటు లారీ దింపించి, అడ్వాన్సు కోసం మా నాన్నగారి గల్లాపెట్టె ముందు నిలబడ్డారు. ఆయన కింద అన్నీ కలిపి 1,143 గ్రూపులున్నాయి. గుమాస్తా ఆ పేరు మీద నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. వెనక హమాలీలు క్రేట్లు దించుతున్నారు, చిల్లర వ్యాపారులు పట్టీల కోసం కేకలు వేస్తున్నారు. పేజీ వచ్చేసరికి 47 సెకన్లయింది. ఈలోపు కింద రైతు పేరొకటి తప్పు పడిందని తెలిసి, దాన్ని సరిచేసి మళ్లీ తెరిస్తే మరో 47. ఆ ఏజెంటు నవ్వుతూనే అన్నారు: "పెద్దయ్యా, మీ మిషను లెక్క చెప్పేలోపు నా టమాటాలు రసమైపోతాయి." నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. బీరువా తెరిచి ఎర్ర గుడ్డ అట్ట ఉన్న ఆవర్జా పుస్తకం తీశారు. మా పాలిట అంతకన్నా అవమానం లేదు, ఎందుకంటే ఆ పుస్తకం మానిపించి కంప్యూటర్ పెట్టించింది నేనే.

మీకు నాలుగుసార్లు రాశాను. మొదటిసారి ఇంటర్నెట్ వేగం చూసుకోమన్నారు. సర్వరు మా వెనక గదిలోనే ఉంది, కంప్యూటర్‌కూ దానికీ మధ్య ఉన్నది ఒక కేబులు. ఇంటర్నెట్ తీసేసినా పేజీకి పట్టేది అవే 47 సెకన్లు. రెండోసారి బ్రౌజర్ క్యాషే ఖాళీ చేయమన్నారు. మూడోసారి పాత సంవత్సరాల లెక్కలు తీసేయమన్నారు. రైతు బాకీ సంవత్సరం మారితే పోదని మీకెవరూ చెప్పలేదా? నాలుగోసారి, కొత్త సర్వరు కొనమంటూ 1,85,000 రూపాయల కొటేషన్ వచ్చింది.

ఈ మండీలో కూర్చోకముందు నేను కొన్నేళ్లు ప్రోగ్రామింగ్ ఉద్యోగం చేశాను. మీ టెక్నీషియన్ లాగ్ ఫైలు, అంటే సాఫ్ట్‌వేర్ చేసే పనులు నమోదయ్యే ఫైలు, పంపమన్నారు కదా, పంపేముందు నేనూ చదివాను. ఆ ఏజెంటు పేజీ ఒక్కసారి తెరిస్తే మీ అప్లికేషన్ డేటాబేస్‌ను 2,286 సార్లు పలకరిస్తోంది. ఒక్కో గ్రూపుకు రెండేసి: "నీ కింద ఎవరున్నారు?" అని ఒకసారి, "నీ బాకీ ఎంత?" అని ఇంకొకసారి. లారీ వచ్చింది, దించాల్సినవి వెయ్యికి పైగా క్రేట్లు. ఒక్కో క్రేటుకూ హమాలీని లోపలికి పంపి, బయటికి పిలిచి, మళ్లీ పంపితే ఎలా ఉంటుందో అలా ఉంది ఇది.

ఈ రాకపోకలతోనే 47 సెకన్లు కావు. అసలు భారం రెండో ప్రశ్న దగ్గరుంది. మీ ఎంట్రీల టేబుల్‌లో మావి 6 లక్షల 40 వేల వరుసలున్నాయి. ఒక ప్రశ్నకు డేటాబేస్ ఎలా వెతికిందో, ఎంతసేపు పట్టిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెట్టి చూస్తే సీక్వెన్షియల్ స్కాన్, అంటే మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వెతుకులాట, అని వచ్చింది, ఒక్కోసారి దాదాపు 40 మిల్లీసెకన్లు. అంటే గ్రూపు ఐడీ కాలమ్‌కు ఇండెక్స్, ఏ గ్రూపు వరుసలు ఎక్కడున్నాయో చెప్పే సూచిక, లేదు. ప్రతి ఎంట్రీ నిజంగా ఉన్న గ్రూపుకే చెందేలా చూసే ఫారిన్ కీ పెట్టారు, అది చాలనుకున్నట్టున్నారు. మీరు వాడుతున్న డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. మై ఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లోని ఇన్నోడీబీ మాదిరిగా ఇది ఫారిన్ కీకి దానంతట అదే ఇండెక్స్ తయారు చేయదు, విడిగా పెట్టాలి.

మా నాన్నగారికి ఇది ఇంకోలా చెప్పాను, ఆయనకు చిటికెలో అర్థమైంది. చిట్టాలో ఏ రోజు లావాదేవీ ఆ రోజు వరసగా రాస్తాం. ఆవర్జాలో ఎవరి ఖాతా వారి పేజీలో ఉంటుంది. ఒక రైతు బాకీ కావాలంటే ఎవరైనా ఆవర్జా తీస్తారు. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం మూడేళ్ల చిట్టాను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేస్తోంది. ఒక రైతు అయ్యాక రెండో రైతు కోసం మళ్లీ మొదటి పేజీ నుంచి. ఇలా 1,143 సార్లు. మా తాతగారు కొత్వాల్ చావడిలో, ఈ కోయంబేడు మార్కెట్ 1996లో రాకముందు, నూనె దీపం కింద ఇంతకంటే తెలివిగా లెక్క చూసేవారని నాన్నగారు అన్నారు. దీపం సంగతి కొంత అతిశయోక్తి కావచ్చు. ఆవర్జా సంగతి నిజమే.

పాత ల్యాప్‌టాప్‌లో బ్యాకప్ ఎక్కించి ప్రయత్నించాను. అది మా సర్వరు కంటే బలహీనమైన యంత్రం. ఎంట్రీల టేబుల్‌లో గ్రూపు ఐడీకి ఒక్క ఇండెక్స్ పెడితే పేజీ సుమారు మూడు సెకన్లకు దిగింది. తర్వాత ఆ 2,286 ప్రశ్నల స్థానంలో విత్ రికర్సివ్‌తో ఒకే ప్రశ్న రాశాను: పైగ్రూపు దగ్గర మొదలుపెట్టి, ఏ గ్రూపు దేని కింద ఉందో చెప్పే పేరెంట్ ఐడీ పట్టుకుని కిందికి దిగుతూ అన్నింటినీ పోగేసి, చివర ఎంట్రీలతో ఒక్కసారి కలిపి మొత్తం వేయడం. పావు సెకను. ఇది నిన్న మొన్న వచ్చిన విద్య కాదు. డేటాబేస్‌లను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో 1999 నుంచి ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో 2009లో వచ్చిన 8.4 వెర్షన్ నుంచి ఉంది. 1,85,000 రూపాయల సర్వరు కొని ఉంటే, అదే చిట్టాను కాస్త వేగంగా తిరగేసేది, అంతే.

ప్రతి గ్రూపుకూ ఎడమ, కుడి అంకెలు ఇచ్చి, వాటి మధ్య వచ్చేవన్నీ దాని కిందివని గుర్తించే నెస్టెడ్ సెట్ పద్ధతికి మారమని నేను అడగడం లేదు. సీజన్‌లో రోజూ కొత్త రైతులు చేరతారు. ఒక్కరిని మధ్యలో చేర్చినా ఆ అంకెలు బోలెడన్ని మార్చుకోవాలి. మునుముందు ఖాతాదారులు పెరుగుతారనుకుంటే పూర్వీకులు, వారసుల జతలను విడిగా రాసుకునే క్లోజర్ టేబుల్ పెట్టుకోవచ్చు. మాకున్నది ఐదు అంచెలే కనుక అది 11,580 వరుసలు దాటదు. ఆ నిర్ణయం మీది. ఇప్పటికి రికర్సివ్ ప్రశ్న చాలు.

ఇంకొకటి కూడా చూడండి. జూన్‌లో మా గుమాస్తా పొరపాటున ఒక ఊరి గ్రూపును దాని కిందే ఉన్న ఏజెంటు కిందికి మార్చాడు. తాతను మనవడికి కొడుకుగా రాసినట్టు. మీ సాఫ్ట్‌వేర్ సరేనంది. ఆ తర్వాత ఆ పేజీ తెరిస్తే చక్రం ఆగలేదు, సర్వరు ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. గ్రూపు మార్చేటప్పుడే కొత్త పైగ్రూపు దాని వారసుల్లో ఉందేమో చూసి అడ్డుకోవాలి. రికర్సివ్ ప్రశ్న రాసేటప్పుడు కూడా దీనికి కాపలా పెట్టండి, లేదంటే అదీ ఇలాగే తిరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి దీనికోసం సైకిల్ అనే క్లాజు ఉంది.

ఇండెక్స్ నేనే పెట్టుకోవచ్చు కదా అనవచ్చు. ఒక్క లైను పని. కాన్‌కరెంట్లీ అనే మాట చేరిస్తే అమ్మకాలు ఆపాల్సిన పని కూడా లేదు. కానీ డేటాబేస్‌ను మేము ముట్టుకుంటే సపోర్టు రద్దవుతుందని మీ ఒప్పందంలో రాసి ఉంది. మీరు చేయరు, మమ్మల్ని చేయనివ్వరు.

ఈ నెల 21లోగా ఇండెక్స్ మీరు పెట్టండి, లేదా మేము పెట్టుకోవచ్చని రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రశ్న మార్పు, గ్రూపు మార్చేటప్పటి తనిఖీ తర్వాతి వెర్షన్‌లో ఏ తేదీకి వస్తాయో చెప్పండి. కొత్త సర్వరు కొటేషన్ వెనక్కి తీసుకోండి. ఈ రెండు నెలల నిర్వహణ రుసుమును వచ్చే ఏడాది బిల్లులో తగ్గించండి. సమాధానం మళ్లీ తయారుగా ఉంచిన ఈమెయిల్ రూపంలో వస్తే, అక్టోబరులో ఒప్పందం పొడిగించం.

లాగ్ ఫైలు, రెండు ఎక్స్‌ప్లెయిన్ ఫలితాలు, నేను రాసిన ప్రశ్న జతచేస్తున్నాను. మీ ఇంజనీరు ఫోను చేయదలిస్తే ఉదయం పది తర్వాత చేయమనండి. అంతకుముందు మాకు ఊపిరాడదు.

ఇట్లు,
మండీ నిర్వాహకుడు
టమాటా కమీషన్ మండీ, కోయంబేడు